అంచులకు జరిపిన బరువు

మాంట్రోజ్‌లో నవంబరంటే
సముద్రం వీధిలోకొచ్చి తలుపు తట్టడమే.
ఆ గాలితోపాటే లోపలికొచ్చాడు ఇన్నెస్ గెడ్డెస్,
ముప్పై ఏళ్లుగా డండీ బస్సు నడుపుతున్నవాడు.
భుజాన సంచి. సంచిలో
ఎవరో వదిలించుకుంటే కొన్న పాత బ్లేడు ఐరన్లు.
కత్తుల్లా ఉన్నాయి.
ముఖాన బంతి తగలాల్సిన చోటు
చొక్కా గుండీ అంత.

"ఆడలేక మద్దెల ఓటిదన్నట్టుంటుందని
ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.
మొన్న మంచు పట్టిన నేల మీద ఏడో ఐరన్ కొట్టాను.
బంతి నలభై గజాలు పోయింది,
నొప్పి మోచెయ్యి దాటిపోయింది.
మద్దెలను కూడా ఒకసారి చూపిద్దామనిపించింది."

ముందు ముఖానికి స్టిక్కరు అంటించి కొట్టమంటాను ఎవరినైనా.
తగిలినచోట నీలం మరక పడుతుంది.
ఇన్నెస్ మరకలు: మడమ దగ్గర రెండు,
వేలికొస దగ్గర నాలుగు,
ఒకటైతే ముఖం మీదే లేదు, మెడ మీదుంది.
నడిమధ్యన మాత్రం తెల్లగా, శుభ్రంగా,
ఎవరూ దిగని స్టాపులా.

అప్పుడు తీశాను పై అరలోది.

"లావుగా ఉంది," అన్నాడు.
"బంతి వెనక పెడితే పారలా కనిపిస్తోంది."

లావే. మధ్యలో ఇనుము తోడేశారు,
తోడిన బరువునంతా అంచులకు పంచారు.
మన తప్పులన్నీ అంచుల్లోనే జరుగుతాయి గనక
బలం అక్కడే కాపు కాస్తుంది.
అడుగు వెడల్పెందుకంటావా,
బంతికన్నా ముందు నేలను తాకినా
మట్టిలో దిగబడకుండా జారుకోవడానికి.

కొట్టాడు. వేలికొసకు తగిలింది, చప్పుడే చెప్పింది.
అయినా బంతి లేచింది,
కాస్త కుడికి వంగి
నూట ఇరవై ఎనిమిది గజాల దగ్గర వాలింది.
అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.
"ఇది నాతో అబద్ధమాడుతోంది."

ఇరవై రెండేళ్ల కొట్లో ఈ మాట ఎవరూ అనలేదు.
కాసేపాగి అన్నాను:
అబద్ధం కాదు ఇన్నెస్.
మధ్యలో తగిలుంటే నూట నలభై.
ఆ పన్నెండు గజాలూ నీ తప్పే.
అరిచి చెప్పలేదు, అంతే.

ధర విని ఈల వేశాడు. వెయ్యీ నూట యాభై పౌండ్లు.
నాలుగు వందల్లోనూ ఉంది, అన్నాను. అదీ మన్నిస్తుంది.
కాకపోతే రేకుడబ్బాలా మోగి
మన్నించిన సంగతి ఫెయిర్‌వే అంతా చాటుతుంది.
నవ్వాడు. రెండూ మళ్లీ కొట్టాడు, కళ్లు మూసుకుని.

నాలుగూ అయిదూ నంబర్లు నేనే వద్దన్నాను,
అవి ఈ ఊళ్లో ఎవరి మాటా వినవు.
ఆరు నుంచి చాలు, కొంత డబ్బూ మిగులుతుంది.
షాఫ్టు మెత్తనిది తీసుకో,
గట్టిది పట్టుకుంటే కుర్రాడివైపోవు.
ఆ ముక్కకు కొంచెం ముఖం ముడుచుకున్నా
ఆరు వాయిదాలకు సంతకం పెట్టాడు.
పాత బ్లేడులన్నీ నా బల్ల మీదే వదిలేసి,
గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి
ఏడోదాన్ని మాత్రం తీసుకున్నాడు.
"తిట్టించుకోవాలనిపించే రోజులుంటాయి."

నేనెప్పుడూ బ్లేడులతోనే ఆడతాను.
ఒకప్పుడు క్లబ్బు కప్పు నాదే,
బంగారు అక్షరాల్లో గోడ మీద నా పేరుంది.
ఆ రాత్రి షట్టరు సగం దించి
నా ఏడో ఐరన్ ముఖానికి స్టిక్కరు అంటించాను,
ఎన్నేళ్ల తర్వాతో.
అయిదు బంతులు కొట్టాను.
స్టిక్కరు ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకున్నాను.

పై అరకేసి చూడలేదు.
చూశాను.